ఎనిమిదణాల పంటను తూచిన మనిషి

పోయిన వారం పామిడి బస్టాండులో టీ తాగుతుంటే హోటలాయన చెప్పాడు: "మీ సారు పోయినాడంటప్పా. నిద్దట్లోనే." గ్లాసు కింద పెట్టేశాను. గణాంకాల శాఖలో నాకు పని నేర్పిన సూపర్‌వైజరు ఆయన. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి నవ్వూ వచ్చింది. ఆయన్ను తలుచుకుని నవ్వకుండా ఉండటం మా ఆఫీసులో ఎవరికీ చేతకాదు.

అంకె కనబడితే ఊరుకునే గుణం కాదు ఆయనది. "ఇది యా రకం అంకెప్పా?" అని నిలబెట్టి అడిగేవారు. ఆయన దృష్టిలో అంకెలు నాలుగు రకాలు: పేరు, వరుస, తేడా, తూకం. బస్సు మీది నంబరు ఒట్టి పేరు. నంబరు పెద్దదైనంత మాత్రాన బస్సు పెద్దది కాదు. పరుగుపందెంలో మొదటివాడు, రెండోవాడు అంటే వరుస. ఇద్దరి మధ్య ఎంత దూరముందో అది చెప్పదు. ఎండ డిగ్రీలది తేడా. ఒక మే నెలలో నేను నోరు జారి "జనవరికి ఇది రెండింతల ఎండ సార్" అన్నాను. "సున్నా డిగ్రీలంటే వేడే లేదనా? ఎన్ని డిగ్రీలు పెరిగిందో చెప్పు, చాలు" అని గొడుగు నా చేతికిచ్చి, తాను తలకు తుండు చుట్టుకున్నారు. తూకంలో మాత్రం సున్నా అంటే నిజంగా ఏమీ లేదని. సగం, రెండింతలు అనే మాటలు అక్కడే చెల్లుతాయి.

ఇంట్లోనూ ఇదే గోల. "పులుసులో ఉప్పెట్లుండాది?" అని వాళ్లావిడ అడిగితే "నిన్నటికన్నా ఎక్కువ, మొన్నటికన్నా తక్కువ. ఎంతని అడగొద్దు, నాలిక వరుసే చెప్తాది" అనేవారు. "ఈయనకు సంగటి గూడా వరుసలోనే పెడతా, ఆఖర్న" అనేదావిడ నాతో. పెట్టడం మాత్రం ముందుగానే పెట్టేది.

ఈ రకాల గొడవ ఉత్త చాదస్తం కాదని నాకు పందొమ్మిదివందల యాభైల్లో వచ్చిన ఒక కరువులో తెలిసింది. అప్పట్లో పంటను అణాల్లో చెప్పేవాళ్లు. నిండు పంటయితే పదహారణాలు, సగమైతే ఎనిమిది. కొలిచి కాదు, కంటితో చూసి. నాలుగణాలకు లోపున్న ఊళ్లకే ఉచితంగా గంజి పోసే కేంద్రం పెడతామని ఆ ఏడు తాలూకా ఆఫీసులో చెప్పారు. పెన్నకు దూరంగా, ఎర్రనేలల్లో ఉన్న ఒక ఊరికి నేను పోయి మునసబు గారిని పంట ఎంతని అడిగాను. ఆయన అరుగు మీద ఆ రోజు కూతురి పెండ్లిచూపులకు వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. మునసబు గారు మీసం దువ్వి "ఎనిమిదణాలుండాది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. ఊరి పిల్ల పెండ్లి కదా, ఎవరు కాదంటారు? ఆ ఒక్క మాటతో ఊరికి గంజి కేంద్రం పోయింది.

మా సారు అణాల సంగతి విని నేరుగా తహసీల్దారు గారి దగ్గరికి పోయారు. వెనకే నేను.

"నాలుగణాల ఊరికన్నా రెండింతలు పండినోళ్లకు గంజి ఎందుకయ్యా?" అన్నారు తహసీల్దారు.

"అణా అనేది తూకం కాదు సార్, వరుస. బాగుంది, బాగలేదు అనే మాట. ఎవరి కన్ను వాళ్లది. దాంట్లో రెండింతలుండవు. కోసి తూచడానికి సెలవియ్యండి."

"ఎక్కువొస్తే?"

"ఎక్కువే రాస్తాను."

సెలవు దొరికింది. చీటీ తీసి ఎంచిన వేరుశనగ చేలో కొంత చోటు కొలిచి, మేకులు కొట్టి, తాడు కట్టాం. ఊరంతా గట్టు మీద చేరింది. ఒక ముసలమ్మ సారు దగ్గరికొచ్చి, "సామీ, తూకం రోంత తగ్గించి రాయి. పిల్లోళ్లు పస్తుండారు" అంది. "ఉన్నదే రాస్తానమ్మా" అన్నారాయన. చెట్లు పెరికారు. కాయలు ఒలిచి చూస్తే చాలావరకు లొట్టలు. గింజ పట్టినవి తక్కెడలో వేస్తే పళ్లెం కిందికి దిగనేలేదు. నాలుగణాలు కాదు, రెండణాల మాట కూడా ఎక్కువే.

గట్టు మీద మునసబు గారు తల ఎత్తలేదు. సారు ఆయన పక్కన కూర్చుని చేతులు దులుపుకుంటూ "పెండ్లి ఎప్పుడు మునసబన్నా?" అని అడిగారు.

"మాఘంలో."

"మమ్మల్ని గూడా పిలువు."

గంజి కేంద్రం తెరిచిన రోజు మేమిద్దరం చూడటానికి పోయాం. వరుస సాగుతూ ఉంది, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. అందరూ తీసుకున్నాక, కండువా కింద ఇత్తడి చెంబు దాచుకుని మునసబు గారు వచ్చారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు. మా సారు చప్పున అటు తిరిగి, గోడకు ఆనించిన సైకిలు ముందు కూలబడి, చక్రానికి గాలి కొట్టడం మొదలుపెట్టారు. చక్రం గట్టిగా రాయిలా ఉంది. నన్నూ చొక్కా పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. వెనక గరిటె చప్పుడైంది, చెంబు నిండిన చప్పుడైంది, చెప్పులు మెల్లగా దూరమయ్యాయి. ఆయన తల తిప్పకుండా గాలి కొడుతూనే ఉన్నారు.