ఏడో రాయి వెనక

మా మెట్ల కింద గదిలో పాత నగలు బాగుచేసే అన్నయ్య ఉంటాడు. తోడబుట్టినవాడేం కాదు, ఇరవై ఏళ్ళుగా ఒకే మెట్ల దగ్గర కాపురముంటున్నాం, అంతే. ఎప్పుడు చూసినా కంటికి భూతద్దం కరిపించుకుని ఉంటాడని వీధంతా ఆయన్ని ‘ఒంటద్దం’ అంటుంది. ఎదురుగానే అంటుంది. ఆయన తల కూడా ఎత్తడు.

నగ చేతికివ్వగానే ఆయన తిరగేస్తాడు. "మొహానికి అందరూ మెరుగులు పెడతారమ్మా, వీపుకి ఎవరు పెడతారు? వయసు తెలిసేది అక్కడే" అంటాడు. చేత్తో లాగిన తీగ ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా ఉంటుందట. మిషను తీగ అంతటా ఒక్కలాగే ఉంటుందట. నేను చదివింది ఐదో తరగతి. నగల సంగతి మాత్రం ఆయన గుమ్మంలో కూచుని, ఆయన విసుక్కునేదాకా అడిగి తెలుసుకున్నాను. కరెంటు లేని రోజుల్లో రాయి వెనక పల్చటి వెండిరేకు పెట్టి, చుట్టూ బంగారంతో మూసేసేవాళ్ళట. దీపం వెలుగు రాయిలోకి దూరి, రేకుకి తగిలి, రెట్టింపై బయటికొచ్చేదట. అలాంటి నగకి నీళ్ళు తగలకూడదు. లోపలికి చెమ్మ దిగిందా, రేకు నల్లబడి రాయి గుడ్డిదైపోతుంది.

ఇంతా తెలిసిన మనిషికి ఎలాంటి పెళ్ళాం దొరకాలి? మా వదినే దొరికింది. ఆవిడకి కడగడం పిచ్చి. సందు దొరికితే సబ్బుబిళ్ళని కూడా కడుగుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఒకటే చట్టం: అన్నయ్య బల్లమీది వస్తువు వదిన ముట్టుకోకూడదు.

ఆ చట్టం ఒక్కరోజు తప్పింది. తప్పిన రోజు నర్సమ్మ పెళ్ళి.

నర్సమ్మ అంటే పక్కవీధిలో ఉండే రిటైరైన నర్సు. అరవై రెండో ఏట మొదటి పెళ్ళి. వరుడు బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. తనకి సూదిమందు పొడిచిన చేతినే పట్టుకోబోతున్నాడు! సాయంత్రం నాలుక్కి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. మెళ్ళో వేసుకోడానికి వాళ్ళమ్మ దాచి ఉంచిన పతకం ఉంది. నడుమ ఒక ఎర్రరాయి, చుట్టూ ఆరు. "నీ పెళ్ళికి నేనున్నా లేకపోయినా ఇది నీ మెళ్ళో ఉంటే నేను వచ్చినట్టే" అని చెప్పి, చూసి చూసి ఆ తల్లి పోయింది. కొక్కెం విరిగితే నర్సమ్మ అన్నయ్యకిచ్చింది. కొక్కెం అతికాడు. పొద్దున్నే గడ్డం గీయించుకోడానికి వెళ్తూ పతకాన్ని బల్లమీద కాకుండా, కాస్త గాలి తగులుతుందని కిటికీ గట్టుమీద పెట్టాడు.

కిటికీ గట్టు వదిన రాజ్యం.

నేను సూది అడగడానికి దిగేసరికి వదిన మొహం వెలిగిపోతోంది. "చూడు, పెళ్ళికూతురి నగ, ఎంత జిడ్డుందో! రెండు గంటలు సబ్బునీళ్ళలో నానేశాను" అంటూ గిన్నెలోంచి పైకెత్తింది. నడుమ రాయి నిప్పుకణికలా ఉంది. చుట్టూ ఆరూ ఎండిన రేగిపళ్ళలా ఉన్నాయి.

"వదినా, ఇవి ఇంతకుముందు ఇలాగే ఉన్నాయా?"

"జిడ్డు ఇంకా పోలేదేమో. ఇంకోసారి..."

"ఇంకోసారి ముట్టుకున్నావంటే నీ చేతులు నేను కడుగుతాను!" అని గిన్నె లాక్కున్నాను. సరిగ్గా అప్పుడే నున్నటి బుగ్గలతో అన్నయ్య వచ్చాడు.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు, స్టూలుమీద కూలబడ్డాడు. "నలభై ఏళ్ళలో పాత నగ రాయి ఒక్కటీ ఊడదియ్యలేదు" అన్నాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి ఆయనే లేచి తలుపు గడియ పెట్టాడు. నేను లోపలివైపే ఉండేలా జాగ్రత్తపడ్డాను.

సన్నటి ఉలితో అంచు లేపి, ఆరు రాళ్ళూ ఒక్కొక్కటే తీశాడు. లోపల నల్లటి పొట్టు. తన డబ్బాలో దాచుకున్న వెండిరేకులు చూస్తే అవీ వయసు మీదపడి నల్లబడ్డాయి. నా నోరు ఊరుకుంటుందా? "వంటింట్లో రొట్టెలు చుట్టే రేకు ఉంది, తెమ్మంటావా అన్నయ్యా?" అన్నాను.

"నూటయాభై ఏళ్ళ నగలో రొట్టెల రేకా! నా నోటితో నేను నర్సమ్మకి నిజం చెప్పుకుంటాను."

"చెప్పుకో. ఆ నడుమది మాత్రం ఎందుకు చావలేదు?"

ఆ ప్రశ్న ఆయనకీ తట్టలేదు మరి. అద్దం సర్దుకుని ఏడో రాయి లేపాడు. అప్పుడే తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే నర్సమ్మ! పట్టుచీర, తలలో పూలు, చేతిలో ఇంత హ్యాండుబ్యాగు.

"ఒంటి గంటైంది, నా పతకమేది?"

అన్నయ్య దాచలేదు. తప్పు నాది అన్నాడు. వదిన కాదు నాది అంది. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే నర్సమ్మ చూపు బల్లమీది పతకంలో ఏడు బొక్కలమీద పడింది. "అమ్మ ఒక్కటే చెప్పింది. మూడు తరాలుగా దీన్ని ఎవరూ విప్పలేదు, నువ్వూ విప్పకు అంది" అంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

అన్నయ్య భూతద్దం తీసి ఆవిడకిచ్చి, నడుమ గూడు చూపించాడు. నర్సమ్మ వంగింది. చూసింది. ఇంకా వంగింది.

"అక్షరాలు కనపడుతున్నాయే! వెండి కాదు, ఇది మాత్రల రేకు! జ్వరం మాత్ర! మా ఆస్పత్రిలో ఇచ్చేది, నేనే తెచ్చి అమ్మకి ఇచ్చేదాన్ని!"

వదినే అంది: "అంటే మీ అమ్మగారు కూడా కడిగారన్నమాట."

నర్సమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పూలు ఊడిపోయేలా నవ్వింది. "దొంగమ్మ! పెట్టెలో భద్రంగా దాచి, మూడు తరాలని నాకు నీతులు చెప్పి, తను మాత్రం మాత్ర రేకు అతికించుకుందా!" అన్నయ్య కూడా నవ్వాడు. ఆయన పళ్ళు నేను అప్పుడే చూశాను.

కళ్ళు తుడుచుకుని నర్సమ్మ బ్యాగు గబుక్కున తెరిచింది. పెళ్ళికొడుకు రక్తపోటు మాత్రలు ఆవిడ దగ్గరే ఉంటాయి, ఆయన మరిచిపోతాడని. మాత్రల పట్టీలోంచి పదీ టకటకా నొక్కి రుమాల్లో మూటగట్టి, ఖాళీ పట్టీ బల్లమీద పడేసింది.

"పెట్టండి. అమ్మ చేసినట్టే చెయ్యండి."

"అమ్మా, పాత నగకి అది అపచారం..."

"మా అమ్మ చేసింది అపచారమంటారా?"

అన్నయ్య పట్టీ నుంచి రేకు ఒలిచి, అచ్చుగీతలు గోకి, ఆరు ముక్కలు గుండ్రంగా కత్తిరించాడు. నడుమ రేకు ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టే రాయితో మూసేశాడు. వదిన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకానుకుని నిలబడింది. చివరి అంచు నొక్కేసరికి మూడూ పది. ఏడు రాళ్ళూ ఒక్కసారి భగ్గుమన్నాయి. నర్సమ్మ మెళ్ళో వేసుకుంది. పరుగో పరుగు!

నన్నెవరూ పిలవలేదు గానీ, నేనూ ఆటోలో ఇరుక్కున్నాను.

రిజిస్ట్రారు కలం అందించేసరికి డ్రైవరు బావగారికి ముచ్చెమటలు పట్టాయి. "నా మాత్ర ఏదీ?" అని చెవిలో అడిగాడు. నర్సమ్మ రుమాలు మూట విప్పి ఒకటి అరచేతిలో పెట్టింది.

"ఇదేమిటి, విడిగా ఉంది? రేకు ఏమైంది?"

నర్సమ్మ తల దించుకుని సంతకం పెడుతూనే చెప్పింది: "మెళ్ళో ఉంది. మింగండి."