రఫ్ బుక్కులో మజ్జిగ

1996 జూన్‌లో నన్ను ఆటోనగర్‌లోని మా కర్మాగారంలో యుటిలిటీస్ విభాగానికి డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. యుటిలిటీస్ అంటే సరుకు తయారుచేసే విభాగం కాదు. తయారుచేసేవాళ్లకు గాలి, నీరు, కరెంటు అందించే విభాగం. అన్నీ సవ్యంగా నడిచినంత కాలం మేమున్నామని ఎవరికీ గుర్తుండదు, ఏదైనా ఆగిందా, అందరికీ మా పేర్లు ఇంటిపేర్లతో సహా గుర్తొస్తాయి. నా కింద ఉన్నవాటిలో ముఖ్యమైంది కంప్రెసర్ హౌస్. మూడు పెద్ద ఎయిర్ కంప్రెసర్లలో రెండు నడుస్తుంటే మూడోది తయారుగా ఉంచేవాళ్లం. షాపుల్లో గ్రైండింగు, పెయింటింగు, బోల్టులు బిగించడం అన్నీ ఆ గాలి మీదే సాగేవి.

ప్రతి కంప్రెసర్ హౌస్‌కూ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. అది యంత్రం దినచర్య. గంటగంటకూ ప్రెషరు, ఉష్ణోగ్రత పట్టికలో వేస్తారు. దాని కింద ‘రిమార్క్స్’ అనే గడి ఉంటుంది. అంకెల్లో ఇమడని సంగతి ఏదైనా కంటబడితే ఆపరేటరు అక్కడ రాయాలి. షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాడు అది చదివి సంతకం పెట్టాలి. పేజీలకు నంబర్లుంటాయి కాబట్టి చింపడానికి వీల్లేదు. రాసేది ఇంగ్లీషులోనే రాయాలి. ఎందుకని మాలో ఎవరూ అడగలేదు.

ఇక నా సంగతి. నాకు ఇంగ్లీషు వ్యాకరణం అంటే పిచ్చి. పల్లెటూరి తెలుగు మీడియం బడి నుంచి వచ్చినవాణ్ని. మొదటి ఇంటర్వ్యూలో నేను చెప్పిన ఒక వాక్యానికి బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి నవ్వాడు. ఉద్యోగం రాకపోయినా అంత బాధపడలేదు గానీ, ఆ నవ్వు మాత్రం నన్ను వదల్లేదు. మూడేళ్లు కూర్చుని వ్యాకరణ పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా బట్టీ పట్టాను. ఆ తర్వాత నా జేబులో నీలం పెన్ను పక్కన ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉండేది.

కంప్రెసర్ హౌస్‌కు వచ్చిన మొదటి వారమే లాగ్‌బుక్ చూసి నా తల తిరిగింది. ఇన్స్‌పెక్షనుకు వచ్చే పెద్దలు ఈ ఇంగ్లీషు చదివితే పరువేం కావాలి? వెంటనే ఒక కొత్త పద్ధతి పెట్టాను. ఆపరేటరు రిమార్కు ముందుగా రఫ్ బుక్కులో రాయాలి. నేను రౌండుకు వచ్చినప్పుడు ఎర్ర పెన్నుతో దిద్దుతాను. సరిగ్గా ఉంటే టిక్కు పెడతాను. టిక్కు పడ్డ వాక్యాన్నే లాగ్‌బుక్కులోకి ఎక్కించాలి. ఫోర్‌మన్ అప్పలనాయుడు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు, శబ్దం విని యంత్రం జబ్బు చెప్పగలడు. అతను నా ఆర్డరు విని తల గోక్కున్నాడు.

“మిసను సెడిపోతే బాగుసేత్తాం గానీ బాబూ, ఇంగిలీసు సెడిపోతే నానేటి సేత్తాను?” అన్నాడు.

నేర్చుకోమన్నాను. రెండు మూడు నెలల్లో నిజంగానే నేర్చుకున్నారనిపించింది. రిమార్కులు అచ్చేసినట్టు రాసాగాయి. నేను మా వర్క్స్ మేనేజరుకు లాగ్‌బుక్ చూపించి మెప్పు కూడా పొందాను.

1997 జనవరిలో వికలాంగుల కోటాలో నూకరాజు ఆపరేటరుగా చేరాడు. ముప్పై ఏళ్ల మనిషి, సముద్రం మీద బతికే కుటుంబం. పుట్టుకతోనే వినపడదు. బధిరుల బడిలో చదివి, ఐటీఐ చేసి, కొన్నాళ్లు అన్నల పడవలకు ఇంజన్లు బాగుచేశాడు. ఇతనితో ఎలా వేగాలిరా అని నేను బెంగపడ్డాను గానీ, ఆ బెంగ వారం కూడా నిలవలేదు. మూడు కంప్రెసర్ల హోరులో చెవులున్నవాళ్లకూ ఏమీ వినపడదు. చెవులకు మఫ్‌లు తగిలించుకుని అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. ఆ చేతుల భాష మావాళ్లకు వచ్చీరానిది, నూకరాజుకు చిన్నప్పటి నుంచీ ఉన్నది. నెల తిరిగేసరికి అందరూ అతని దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. అప్పలనాయుడూ అతనూ బావా అని పిలుచుకోవడానికి మీసం దువ్వినట్టు ఒక సైగ పెట్టుకున్నారు, నూకరాజుకు మీసం లేకపోయినా.

బధిరులు ప్రతి మనిషికీ ఒక సైగ పేరు పెట్టుకుంటారని నాకు అప్పుడు తెలియదు. నేను గుమ్మంలోకి రాగానే మావాళ్లలో ఒకడు జేబులోంచి ఏదో లాగి గాల్లో అడ్డంగా గీసేవాడు, మిగతావాళ్లు సర్దుకునేవారు. అదేదో యంత్రానికి సంబంధించిన సంకేతమనుకున్నాను. అది నేనేనని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నూకరాజు పని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా అతని ఇంగ్లీషు మీద. మాటకూ మాటకూ మధ్య అతుకు ఉండేది కాదు, నిన్న రేపు అన్నీ ఒకే రూపంలో ఉండేవి. అతని మొదటి భాష చేతులది, దానికి దాని సొంత కట్టుబాటు ఉంది, ఇంగ్లీషు అతను ఎన్నడూ చెవితో వినని భాష అన్న ఆలోచనే నాకు రాలేదు. అతని రఫ్ పేజీలు నా ఎర్ర సిరాతో గోరింటాకు పెట్టినట్టుండేవి. అతని ప్రొబేషను ఏడాది. దాని చివర నేను రిపోర్టు రాస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది. అందులో ‘రాతపూర్వక సమాచారం’ అని ఒక గడి ఉంది. అక్కడ ‘బాగులేదు’ అని రాయాలని మనసులో ఎప్పుడో అనుకున్నాను.

వేసవి దాటాక అతని వాక్యాలు ఉన్నట్టుండి నున్నబడ్డాయి. నా శిక్షణ ఫలించిందని సంబరపడ్డాను.

నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం రెండో నంబరు కంప్రెసర్ పెద్ద చప్పుడుతో నిలిచిపోయింది. విప్పి చూస్తే మెయిన్ బేరింగు లోహం కరిగి షాఫ్టుకు అంటుకుంది. నూనెను చల్లబరిచే కూలర్‌లో గొట్టం చిల్లిపడి, చాలా రోజులుగా నీరు నూనెలో కలుస్తోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మూడో కంప్రెసర్ అప్పటికే మరమ్మతుకు విప్పి ఉంది. ఒక్క యంత్రంతో నెట్టుకొస్తూ సగం షాపులు వారం రోజులు ఖాళీగా కూర్చున్నాయి.

నూనెలో నీరు కలిస్తే దాని రంగు మారుతుంది. ప్రతి కంప్రెసర్‌కూ నూనె కనబడేలా ఒక గుండ్రటి అద్దం ఉంటుంది, ఆపరేటరు చూడాల్సింది దాన్నే. వర్క్స్ మేనేజరు లాగ్‌బుక్ తెప్పించారు. పది రోజులుగా ఒకటే వాక్యం ఉంది: నూనె మట్టం తనిఖీ చేశాం, సవ్యంగా ఉంది. అందులో అబద్ధమూ లేదు. నీరు కలుస్తుంటే మట్టం ఎందుకు తగ్గుతుంది! ఆ పది రోజుల్లో ఎక్కువ సంతకాలు నూకరాజువి. చూడాల్సింది చూడలేదు, చూసినా చెప్పలేడు, ఇలాంటి చోట ఇలాంటివాణ్ని పెట్టడమే పొరపాటు అని గదిలో ఒకరిద్దరన్నారు. ప్రొబేషను రద్దుచేయాలని ప్రతిపాదన వచ్చింది. మర్నాడు పదింటికి విచారణ, నా రిపోర్టు అప్పటికి సిద్ధంగా ఉండాలన్నారు. నేను సరేనన్నాను.

సాయంత్రం నాలుగింటికి నూకరాజు నా గదికి వచ్చాడు. వెంట అతని భార్య ఝాన్సీ. ఇద్దరూ గాజువాక నుంచి షేర్ ఆటోలో వచ్చారు. ఆమెకూ వినపడదు, ఎనిమిదో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. గాజువాకలో ఒక ఆఫీసులో టైపిస్టు. ఇంగ్లీషులో టైపు చేసిన ఒక ఉత్తరం నా ముందు పెట్టింది. దానిలో ఒక్క తప్పు లేదు. ఎంత వెతికినా లేదు. నూనె రంగు మారిన సంగతి తన భర్త పది రోజుల కిందటే రాశాడనీ, దయచేసి రఫ్ బుక్ చూడమనీ దాని సారాంశం.

నేను కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. చదువుతూ ఒకచోట ఆమె పెన్ను ఆగింది. నేను తప్పు రాసిన మాట చుట్టూ చిన్న సున్నా చుట్టి, ఏమీ ఎరగనట్టు కింద జవాబు రాసింది. నా ముఖం ఎలా మారిందో గానీ నూకరాజు పగలబడి నవ్వాడు. నవ్వు ఆపుకుని చేతులతో ఏదో అన్నాడు. ఆమె అతణ్ని కసురుతూనే నాకు రాసి చూపింది: మా ఇంట్లోనూ ఒక ఎర్ర పెన్ను ఉందండీ, అది నా చేతిలో ఉంటుంది, మీ ఇద్దరితో పడలేక చస్తున్నానంటున్నాడు.

ఆ తర్వాత ఆమె రాసిన మాటలు నాకిప్పటికీ గుర్తే. వ్యాకరణం విషయంలో నేను మీ పక్షమే. కానీ మీ కారణం వేరు, నా కారణం వేరు. మీ ఫోర్‌మన్ తప్పు రాస్తే తొందరలో రాశాడంటారు. మా ఆయన తప్పు రాస్తే తెలివి లేదంటారు. అందుకే ఇంట్లో పోట్లాడి మరీ దిద్దిస్తాను.

నూకరాజుకు ఆ వాదన నచ్చలేదని అతని చేతులే చెబుతున్నాయి. కాగితం తన వైపు లాక్కుని, తన ఇంగ్లీషులోనే రాశాడు. “సర్ సీ మిస్టేక్. సర్ నాట్ సీ ఆయిల్.”

వాళ్లను కూర్చోబెట్టి సొరుగులోంచి రఫ్ బుక్ తీశాను. పది రోజుల వెనక్కి తిప్పాను. అతని గుండ్రటి రాతలో ఉంది: “ఆయిల్ ఎస్టర్‌డే హనీ. టుడే బటర్‌మిల్క్. వై?” నిన్న తేనెలా ఉన్న నూనె ఇవాళ మజ్జిగలా ఉంది, ఎందుకు? ఇంతకన్నా స్పష్టమైన రిమార్కు నా ముప్పై రెండేళ్ల సర్వీసులో మళ్లీ చదవలేదు. దాని మీద అడ్డంగా ఎర్ర గీత, పక్కన నా చక్కటి రాతలో నా చమత్కారం. ఇది లాగ్‌బుక్, వంటల పుస్తకం కాదు, సరైన వాక్యం రాయి. దాని కింద నూనె మట్టం సవ్యంగా ఉందన్న వాక్యం, దానికి నా టిక్కు. నాకు సిగ్గేసింది. ఎదురుగా ఇద్దరూ నా ముఖాన్నే చూస్తున్నారు, ముఖాలు చదవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు.

అప్పలనాయుణ్ని పిలిపించి, నువ్వైనా చెప్పలేదేమని అడిగాను.

“నూకరాజు బావ సెయ్యట్టుకు లాక్కెల్లి సూపించాడు బాబూ. నానూ సూసినాను. పాలలాగుందని రాద్దునంటే ఇంగిలీసులో ఏటి రాయాలో తెల్లేదు. ఈలోగా మీరు టిక్కు ఎట్టీసినారు. సారుకి తెలిసిపోనాదిలే అనుకున్నాం.”

“మరి ఇన్నాళ్లూ అంత చక్కగా ఎలా రాశారు?”

అతను నూకరాజు వైపు చూసి, మీసం దువ్వి సైగ చేశాడు. నూకరాజు జేబులోంచి చిన్న నోటుబుక్ తీసి బల్ల మీద పెట్టాడు. నేను టిక్కు పెట్టిన వాక్యాలన్నీ వరుసగా అందులో ఉన్నాయి, పంతొమ్మిది.

“అందరం అవే మార్సి మార్సి రాత్తన్నాం బాబూ,” అన్నాడు అప్పలనాయుడు. “మిసను ఏటి సేసినా ఆ పంతొమ్మిదిట్లో ఒకటి ఎతుక్కోవాల.”

వినేవాడూ వినలేనివాడూ అన్న తేడా లేకుండా నా విభాగమంతా ఆ పంతొమ్మిది వాక్యాల వెనక దాక్కుంది. పట్టుబడ్డవాడు మాత్రం ఒక్కడే.

ఆ రఫ్ బుక్ ఆఫీసు రికార్డు కాదు. నేను తప్ప దాన్ని అడిగేవారు లేరు, రెండు నెలల్లో నాకు ప్రమోషను బోర్డు ఉంది. ఈ లెక్క నా బుర్రలో ఒకసారి తిరిగిన మాట నిజం, దాచను. మర్నాడు పదింటికి దాన్ని తీసుకెళ్లి వర్క్స్ మేనేజరు ముందు ఆ పేజీ తెరిచి పెట్టాను. ఆయన చదివి, ఈ ఎర్ర రాత ఎవరిదని అడిగారు. నాదన్నాను. నీరు కలిసిన సంగతి మొదటిరోజే పట్టుకున్నది నూకరాజేనని, ఆ కబురు పైకి పోనివ్వకుండా ఆపింది నేనని చెప్పాను. ప్రొబేషను రిపోర్టు కూడా అక్కడే ఇచ్చాను. ‘రాతపూర్వక సమాచారం’ గడిలో ‘నమ్మదగినది’ అని రాశాను. జనవరిలో నూకరాజు ఉద్యోగం ఖాయమైంది.

రఫ్ బుక్ పద్ధతి ఆరోజే తీసేశాం. రిమార్కు ఏ భాషలోనైనా రాయొచ్చు, బొమ్మైనా వేయొచ్చు అన్నాం. నూకరాజు బొమ్మలు వేశాడు. అప్పలనాయుడు తెలుగులో రాయడం మొదలుపెట్టాక, అతను ఇన్నేళ్లూ ఎన్ని సంగతులు కడుపులో దాచుకున్నాడో తెలిసింది. ఝాన్సీ మాత్రం ఇంట్లో తన పోరు ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ లేదు, ఆమె కారణం ఆమెది. నా సైగ పేరు రిటైరయ్యే రోజు దాకా మారలేదు.

ఆ ఏడు నాకు ప్రమోషను రాలేదు. బదులుగా వర్క్స్ మేనేజరు సంతకంతో ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. కింది ఉద్యోగులు రాసింది దిద్దడానికి ముందు చదవవలసిందని అందులో ఉంది. ఉత్తరంలో రెండు వ్యాకరణ దోషాలున్నాయి. చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్లింది. అయితే ఆ రెండు తప్పుల వల్ల ఉత్తరం అర్థంలో ఎక్కడా తేడా రాలేదు, ఒక్కసారి చదివితే పూర్తిగా బోధపడింది.