కోల్డ్ స్టోరేజీకి పరుగున వచ్చిన రైతులు

డిగ్రీ అయ్యాక నల్లపాడు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పనికి కుదిరాను. అక్కడ మిర్చి దాచుకున్న రైతుల కోసం మాకొక యాప్ ఉంది. ఆ యాప్‌కి కొత్తగా చేర్చే ప్లగిన్లను, అంటే చిన్న చిన్న అదనపు సౌకర్యాలను, ఒకచోట కట్టగట్టి పంపే టూల్‌ను ఆ రోజు నేనే సిద్ధం చేయాలి. దానికి బటన్లేమీ ఉండవు, అన్నీ కమాండ్లు టైపు చేయాల్సిందే. మధ్యాహ్నానికి ఎలాగో పనిచేసింది. సంతోషంతో 'ఛాంబర్‌లో చల్లదనం తగ్గింది' అనే హెచ్చరిక ప్లగిన్‌ను పరీక్ష కోసం పంపాను. ట్రయల్ సర్వర్ అడ్రసు ఇవ్వకపోతే అది నేరుగా రైతుల ఫోన్లకే వెళ్లి ఆ హెచ్చరిక చూపిస్తుందని నాకు తెలియదు.

కాసేపటికే గేటు ముందు బైకులు, ఆటోలు ఆగాయి. "మా కాయలు ఏమైనయ్యండీ?" అంటూ జనం లోపలికొచ్చారు. మేనేజరు గారు మాట్లాడేలోపే ముందుకెళ్లి, "సరుకు బాగానే ఉందండి. ఆ హెచ్చరిక పొరపాటున నేనే పంపాను" అన్నాను. కొందరు గట్టిగానే తిట్టారు.

పెదకాకాని నుంచి వచ్చిన మరియమ్మ గారనే పెద్దావిడ మాత్రం చెమట తుడుచుకుంటూ, "నిజంగా చల్లదనం పోయినా ఇట్టాగే చెబుద్దా అమ్మాయ్?" అని అడిగారు.

"చెబుతుందండి."

"అయితే మంచిదేగా. ఏడవమాక. కాసిని మంచినీళ్లు తాగు."

నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పటికీ ఆ టూల్ పని నాదే. ఎంటర్ నొక్కేముందు, ఆ కబురు చదివి చేలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చే మనుషులుంటారని ఒక్కసారి తలచుకుంటాను.

— సునీత, నల్లపాడు