ఫ్యాను గాలికి మోగిన గాజులు

గాజుల కొట్టు ఫహీం చేతి నేర్పు గురించి తెనాలిలో చెప్పుకోని ఇల్లు లేదు. అతను గాజు తొడిగితే ఆ సంగతి గాజుకే తెలియదట. ఒకసారి సర్కస్ ఏనుగు తొండానికి పచ్చగాజు ఎక్కించాడనీ, చిట్లనే లేదనీ ప్రమాణం చేసి చెప్పే పెద్దమనుషులు ఇద్దరున్నారు. ఆ ఇద్దరికీ చూపు ఆనదన్నది వేరే సంగతి.

ఆ నేర్పంతా కొట్లోనే. పూసల తెర దాటి వెనక్కి వెళితే ఇల్లు. అక్కడ అతని భార్య షాహీనా ఉండేది. రేపల్లె పిల్ల. ఆమెకూ ఫహీమే గాజులు తొడిగేవాడు, కావాలని ఒక సైజు తక్కువవి. ఆమె అంట్లు తోమినా, బియ్యం చెరిగినా కొట్లో కూర్చున్న అతనికి గలగల వినబడాలి. చప్పుడు ఆగిందా, తెర కదిలేది.

"ఏంటే, చేతులు పడిపోయినయ్యా?" అంటూ నవ్వుతూనే వచ్చేవాడు. నవ్వుతూనే ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని, ఎముకల మధ్య బొటనవేలు పెట్టి నొక్కేవాడు.

షాహీనా అరవకపోలేదు. వీధంతా విన్నది కూడా. కానీ గాజుల కొట్లో ఆడవాళ్ళు అబ్బా, అమ్మా అనడం ఎవరికి కొత్త? ఇరుకు గాజు ఎక్కుతుంటే ఎంతటి గయ్యాళైనా కెవ్వుమంటుంది. "ఎవరికో పెళ్ళిగాజులు ఎక్కుతున్నాయ్" అని ఎదురింటివాళ్ళు నవ్వుకునేవారు. ఆ నవ్వులు చెవిన పడ్డాక ఆమె అరవడమే మానుకుంది.

2006 ఎండాకాలంలో ఆ చెయ్యి మణికట్టు దగ్గర ఆగలేదు. మెడ దాకా వచ్చింది. పక్కింటి మున్నీ బీతో గుమ్మంలో నిలబడి మాట్లాడిందని. షాహీనా కళ్ళకు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి అతనే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మంచినీళ్ళు తాగిస్తున్నాడు.

"నాకు కోపం తెప్పించకే బంగారం. నువ్వు పోతే నేనెట్టా బతికేది?"

పక్షిపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాడు. ఆ మెత్తదనానికే ఆమె వణికింది. ఇంకోసారి ఆ చేతుల్లో పడితే తను లేవదు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు బేరాలతో కిటకిటలాడుతున్న వేళ, సబ్బునురగ పట్టించి గాజులు లాగింది. తోలు ఊడింది, గాజులూ ఊడాయి. వాటిని దారానికి గుచ్చి, బట్టలారేసే తీగకు కట్టి, టేబుల్ ఫ్యాను వాటి మీదికి తిప్పింది. గలగల. అచ్చం అంట్లు తోముతున్నట్టే. బురఖా వేసుకుని పెరటి తలుపు తీసి సందులో పడింది. వెనక గాజులు ఆమె బదులు పని చేసుకుంటూనే ఉన్నాయి.

రేపల్లె ప్యాసింజరు స్టేషన్లో ఆగి ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. చూస్తుండగానే నెమ్మదించింది. రెక్కలు విడివిడిగా కనబడ్డాయి. ఆగిపోయింది.

"పోయింది కరెంటు! ఈ కోతలతో చస్తున్నాం" అన్నారెవరో.

షాహీనా ముసుగు కిందికి లాక్కుంది. ఇక్కడ పోయిందంటే వాళ్ళ వీధిలోనూ పోయినట్టే. తీగ మీద గాజులు ఆగి ఉంటాయి. తెర కదిలి ఉంటుంది.

బండి కదలకముందే అతను వచ్చాడు. ఆయాసం కూడా లేదు.

"ఇక్కడున్నావా? అన్నం తినకుండా వచ్చేశావేంటి?"

ఎదుటి సీట్లో మాణిక్యాంబ విచ్చుకున్న మొహంతో పలకరించింది. భట్టిప్రోలు మనిషి. వాళ్ళ పేట ఆడవాళ్ళందరికీ ఫహీం కొట్లోనే గాజులు కొంటుంది.

"ఏం ఫహీమూ, అలిగిందా?"

"లేదండి పిన్నిగారూ, వాళ్ళక్క మీద బెంగ. అడిగితే నేను పంపనా చెప్పండి?"

"వినమ్మా! ఇట్టాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలి."

ఫహీం పక్కన కూర్చుని ఆమె చెయ్యి తీసుకున్నాడు. "దిగు" అన్నాడు గుసగుసగా. బొటనవేలు దాని చోటు అది వెతుక్కుంది.

షాహీనా అరిచింది. ఎన్నాళ్ళగానో గొంతులో మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చి, పెట్టె మొత్తం ఇటు తిరిగింది. మాణిక్యాంబ నవ్వు ఆగిపోయింది. ఫహీం చేతుల వంక చూసింది.

"గాజుల్లేవుగా బాబూ. మరెందుకు అరిచింది?"

ఆమె లేచి షాహీనా బురఖా చేతిని పైకి జరిపింది. మణికట్టు వాచి, నల్లగా, పచ్చగా ఉంది.

"ఈ అరుపు నేను విన్నానే! అప్పుడెప్పుడో మీ కొట్టు ముందు రిక్షా దిగుతూ విన్నా. పెళ్ళిగాజులనుకుని నవ్వాను కూడా." మాణిక్యాంబ గొంతు మారింది. "చెయ్యి తియ్యి."

నలుగురు లేచి నిలబడ్డారు. ఫహీం చెయ్యి తీసి, చొక్కా సర్దుకుని దిగాడు. కిటికీ దగ్గరికొచ్చి నవ్వాడు.

"పోయిరా షాహీనా. రేపు నేనూ వస్తా. మీ అక్క ఇల్లు నాకు తెలియందా?"

బండి కదిలింది. వేమూరు దాటాక షాహీనా మాణిక్యాంబ వైపు వంగింది.

"రేపల్లెలో చంపేస్తాడండి."

"రేపల్లె ఎవరు పొమ్మన్నారు నిన్ను? నాతో భట్టిప్రోలులో దిగు. రేపు పొద్దున్నే బస్సెక్కి బాపట్ల పోదాం. మా అమ్మాయి ప్రమీలారాణి అక్కడ జాకెట్లు కుడుతుంది. దాని నోటికి జడిసి కుక్కలే వీధి మార్చుకున్నాయి. వీడెంత?"

ఫహీం అన్నంత పనీ చేశాడు. రేపల్లె వెళ్ళి, వదినగారికి గాజులు తొడిగి, టీ తాగి, కన్నీళ్ళు పెట్టుకున్నాడట. అక్క కరిగిపోయి, చెల్లెలి కోసం తెలిసిన ఊళ్ళన్నీ వెతికిస్తోందట. ఆ కబురు బాపట్ల చేరేసరికి షాహీనా ప్రమీలారాణి ఇంట్లో కుట్టుమిషను మీద ఉంది. లేచి వీధి తలుపు గడియ పెట్టింది. పెరటి తలుపుకీ పెట్టింది. కిటికీలు మూసింది. ఉక్కలో కాసేపు నిలబడింది.

"పోలీసుల దగ్గరికి నాతో వస్తావా?" అంది ప్రమీలారాణితో. "ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉంది."

ప్రమీలారాణి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. తను పెట్టిన గడియను తనే తీయడానికి షాహీనాకు చాలాసేపు పట్టింది.