నాన్నగారు తెచ్చిన గోదావరి

పోయిన ఆదివారం భీమవరం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. కొత్త ఫ్లాట్‌లో వంటింటి పక్క చిన్న అలమరలో దేవుణ్ణి పెట్టుకున్నానని, ఉద్యోగానికి అడ్డం రాకుండా రోజూ కాసేపు ఏదైనా ఒక పద్ధతి పాటించాలనుకుంటున్నానని చెప్పి, రాగిచెంబులోని నీటి మహిమ మీద ఎవరో చేసిన వీడియో ఒకటి నాకు పంపింది. “ఇందులో నిజమెంతో మీరే తేల్చాలండి నాన్నగారూ, మీరు సరేనంటేనే మొదలెడతాను” అంది. జీవితమంతా కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి, ఎవరేం చెప్పినా ‘ఎలా కొలిచారు, ఎవరు సరిచూశారు’ అని అడిగి చుట్టాలందరికీ విసుగు తెప్పించినవాణ్ణి కనుక, ఆ వీడియోలో నిలబడే మాట ఒక్కటీ లేదని తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. కానీ అందులోని చెంబు అచ్చం మా ఇంటి చెంబులా ఉండడంతో మనసు రాజమండ్రిలోని మా పాత వీధిలోకి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో పూజ అంటే పెద్ద తతంగమేమీ ఉండేది కాదు. తెల్లవారుతుండగా నాన్నగారు రాగిచెంబును గుడ్డసంచిలో పెట్టుకుని గోదావరి రేవుకు నడిచి వెళ్ళి నీళ్ళు తెచ్చేవారు. అమ్మ దీపం పెట్టి, బొటనవేలంత శివలింగం మీద ఆ నీళ్ళు పోసి, మారేడుదళం వేసి, నాన్నగారికీ నాకూ తీర్థం ఇచ్చి, తనూ పుచ్చుకునేది. అంతే. నేను చేయి చాపి, రుచైనా చూడకుండా గుటకేసేవాణ్ణే గాని, నోరు మాత్రం ఊరుకునేది కాదు. కొత్తగా లెక్చరర్‌నయిన రోజులు. గోదావరి నీరు ఎన్నాళ్ళున్నా పాడవదని నాన్నగారు అనడం, రుజువేదని నేను అడగడం, మధ్యలో ఇడ్లీలు చల్లారిపోవడం మా ఇంటి నిత్యకృత్యాలు. చివరికి ఒకనాడు చెంబులోని నీటిని సీసాలో పట్టి కాలేజీ లాబొరేటరీకి తీసుకుపోయాను.

నీటిలో ఉప్పు ఉందో లేదో చూసే పరీక్ష చాలా సులువైనది. సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్క వేస్తే, నది నీరు కాస్త మసకబారి ఊరుకుంటుంది. ఉప్పునీరైతే విరిగిన పాలలా తెల్లబడుతుంది. నా గాజుగొట్టంలోని నీరు పాలలా విరిగింది. అమ్మ చెంబును చింతపండు, ఉప్పు వేసి తోముతుంది కనుక ఆ ఉప్పే మిగిలి ఉంటుందనుకుని, మర్నాడు చెంబును డిస్టిల్డ్ వాటర్‌తో నేనే కడిగి ఇచ్చి, మళ్ళీ పరీక్షించాను. మళ్ళీ విరిగింది. రేవులోకి దిగి స్వయంగా ముంచుకున్న నీరు మాత్రం విరగలేదు. ఇక మిగిలిన అనుమానం ఒక్కటే. అంట్లు తోమడానికి తప్ప ఎవరూ వాడని మా వీధి చివరి చేతిపంపు నీటిని తెచ్చి చుక్క వేయగానే, అదీ అచ్చం అలాగే విరిగింది. జీవితంలో ఒక్క అబద్ధమైనా ఆడగా నేను వినని మనిషి, దేవుడి చెంబులో పంపునీళ్ళు పట్టి గోదావరి అని ఇస్తున్నారు!

ఆ సాయంత్రం పెరట్లో అమ్మకు గుసగుసగా చెప్పాను. ఆమె తులసికి నీళ్ళు పోయడం ఆపనైనా ఆపలేదు.

“తెలుసురా. రోజూ తీర్థం పుచ్చుకునేదాన్ని, ఉప్పదనం తెలీదేంటి?”

నీళ్ళు పోస్తూనే తనే చెప్పుకొచ్చింది.

“రేవు మెట్లు దిగి ఎక్కితే ఆయాసమొస్తోందిట ఆయనకి. పాలావిడ చూసి చెప్పింది. పంపు పక్కన అరుగు మీద కూచుని, రేవుకెళ్ళొచ్చేంతసేపూ ఆగి, అప్పుడొస్తారు. నువ్వు తెలిసిందన్నావంటే రేపే పంతానికి దిగుతారు. దిగితే మళ్ళీ ఎక్కలేరు.”

మర్నాడు ఫలహారాల దగ్గర నాన్నగారు మీసాల చాటున నవ్వుతూ, “ఏంటోయ్ సైంటిస్టూ, మా గోదారి పాసైందా, ఫెయిలైందా?” అని అడిగారు. అమ్మ చేతిలోని గరిట గాలిలో ఆగిపోయింది. “పాసైందండి” అన్నాను. తప్పని తెలిసీ నేనిచ్చిన ఫలితం అదొక్కటే. తరువాత మరేదో వంక చెప్పి ఆయనను డాక్టరుకు చూపించాను. గుండెకు మందులు రాసి మెట్లు, ఎత్తులు ఎక్కవద్దన్నారు. నాన్నగారు బుద్ధిగా తలూపి, తెల్లవారగానే యథాప్రకారం సంచి పట్టుకుని ‘గోదావరికి’ బయలుదేరారు. అలా ఇంకా కొన్నేళ్ళు తెచ్చారు.

ఆయన పోయి, కర్మలన్నీ ముగిసి, ఇంట్లో మళ్ళీ దీపం పెట్టిన నాడు, నమ్మకమే లేని నేను ఆ సంచి పట్టుకుని రేవులోకి దిగి, అచ్చమైన గోదావరిని ముంచి తెచ్చాను. అమ్మ తీర్థం నోట్లో వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఉద్ధరిణె పక్కన పెట్టేసింది.

“చప్పగా ఉందిరా. రేపట్నించి మీ నాన్నగారి గోదారి తే.”

పరీక్షలో వచ్చిన తెలుపుకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ నివ్వెరపరచింది. మర్నాటినుంచి, అమ్మ ఉన్నన్నాళ్ళూ, చేతిపంపు దగ్గరకే వెళ్ళాను.

ఇప్పుడు ఆ పంపు లేదు. సిమెంటు రోడ్డు వేసినప్పుడు పీకేశారు. శుద్ధి చేసిన గోదావరి కుళాయి తిప్పితే వంటింట్లోకే వస్తోంది. దాన్ని తేవడానికి తెల్లవారుజామున సంచి పట్టుకుని వెళ్ళేవారూ లేరు, వెళ్ళినట్టు అరుగు మీద కూర్చుని వచ్చేవారూ లేరు. మా ఇంట్లో దీపం నా భార్య పెడుతుంది. చెంబు నింపి అందించడం నా వంతు. రాగిలో ఉప్పు నిలవ ఉండకూడదని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి గనుక, అందించే ముందు మాత్రమే, చాటుగా, చిటికెడు ఉప్పు వేస్తాను.

వీడియోలో నిజం లేదు, అయినా మొదలెట్టమ్మా అని మా అమ్మాయికి చెప్పాను. ఇదంతా రాస్తూ ఇక్కడికి వచ్చాక ఒక సంగతి తట్టి కలం ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా నా చేతి నీళ్ళను తీర్థంగా పుచ్చుకుంటున్న నా భార్య, ఇవి ఉప్పగా ఉన్నాయేంటండీ అని ఒక్కనాడూ అడగలేదు.