మామిడిపిందెకు నెమలి తల

ఎనభైల చివర్లో ధర్మవరంలో పట్టుచీరలు నేయించే మా సావుకారు కంప్యూటరు కొన్నాడు. చీర అంచుల గళ్ల బొమ్మలు అది గీస్తుందని ఆశ. అప్పటిదాకా గళ్ల కాగితం మీద ఆ గళ్లు లెక్కేసి పెన్సిలుతో నింపేవాణ్ణి నేనే. నలభై దాటాక, జిరాక్సు పుస్తకం ముందు పెట్టుకుని కంప్యూటరుకు పని చెప్పే సి భాష సొంతంగా నేర్చుకున్నాను.

నా ప్రోగ్రాము మామిడిపిందెలు చక్కగా గీసేది. నెమలిని గీయమనగానే దానికి తిక్క పుట్టేది. పిందెకు నెమలి తల మొలిచేది.

"ఇదేం జంతువప్పా?" అన్నాడు సావుకారు. "రేపు గూడా ఇట్లే వస్తే పెట్టెను బెంగళూరుకు తిప్పి పంపిస్తా. నువ్వు మళ్లా పెన్సిలు పట్టుకో." కంప్యూటరు వచ్చిన అట్టపెట్టెను తెప్పించి నా కుర్చీ పక్కనే పెట్టించాడు.

మరునాడు పొద్దున నా భార్యతో పాటు వీధి కొళాయి దగ్గర నిలబడ్డాను. నీళ్లెప్పుడొస్తాయో తెలియదు కాబట్టి అందరూ బిందెలు వరసలో పెట్టి ఇళ్లకు పోతారు. ఎవరి బిందెకు వాళ్ల గుర్తు. మా బిందెకు ఎర్రగుడ్డ. నీళ్లొచ్చాయి. పక్కింటామె ఉరుకుతా వచ్చి, వరసలో మూడో బిందె పట్టుకుని నింపేసింది.

"అక్కా, అది మాది!" అంది నా భార్య.

"మూడోది నాదే. తెల్లారే ఈడ పెట్టిపోయినా!"

"పెట్టినావు సరే. నడుమ మీ కోడలొచ్చి దాన్ని ఎత్తుకపోయె. ఆ చోట్లోకి మాది జరిగె. చోటు చూసి ఎత్తితే ఎట్లక్కా, గుర్తు చూడల్ల గదా!"

"నింపినాక చెప్తావేమ్మే! పోయి మా కోడల్నడుగు!"

అందరూ నవ్వారు. నేను మాత్రం ఎగిరి గంతేశాను. నా తప్పు అచ్చంగా ఇదే! పాయింటరంటే కంప్యూటరు మెమరీలో ఒక చోటును చూపించేది, అంతే. పిందెతో పని అయిందనుకుని ఆ చోటు ఖాళీ చేయించాను. నెమలి వచ్చి అందులో కూర్చుంది. ప్రోగ్రాములో అంచు చివర గీసే భాగం పాత చోటే చూసి, పిందె అనుకుని నెమలి తల ఎత్తుకొస్తోంది.

"బిందె ఇడ్సిపెట్టి యాడికి పోతాండావు? ఎండ తగిలిందా?" అని నా భార్య అరుస్తూనే ఉంది. నేను అప్పటికే వీధి దాటాను.

పోయి కంప్యూటరు ముందు కూర్చుని, మెమరీలో ప్రతి చోటుకూ ఒక గుర్తు అంకె పెట్టాను. చోటు ఖాళీ అయితే అంకె మారాలి. ప్రతి పాయింటరు వెంటా తనకిచ్చిన అంకె ఉండాలి. ముట్టుకునే ముందు రెండూ కలవాలి, లేకపోతే ప్రోగ్రాము అక్కడే నిలబడిపోవాలి.

సాయంత్రం సావుకారు వచ్చాడు. మీట నొక్కాను. సగం అంచు గీసి తెర నిలిచిపోయింది. కింద ఒకే వరస: గుర్తు కలవలేదు, పిందె.

"నిలిచిపాయె గదప్పా!" అన్నాడు దిగులుగా.

"నిలిచింది సావుకారూ, నిలిచింది!" చప్పట్లు కొట్టాను. ఆయన నా వైపు చూసి, అట్టపెట్టె వైపు చూశాడు.

తప్పు బొమ్మ గీయకుండా ప్రోగ్రాము తప్పు దగ్గరే ఆగింది; నా అనుమానం నిజమేనని ఆ వరసే చెప్పింది. ప్రోగ్రాములో పిందెను ఖాళీ చేయించే వరసను అంచు అంతా అయ్యాక పెట్టి మళ్లీ నొక్కాను. ప్రింటరు గరగరమంటూ కదిలింది. పిందె పిందెగా వచ్చింది. నెమలి నెమలిగా వచ్చింది. సావుకారు వేలితో గళ్లు తడుముతూ చివరిదాకా పోయాడు.

"కాళ్లేవప్పా దీనికి?"

"కాళ్లకు గళ్లు దండగని మీరే వద్దంటిరి గదా!"

ఆయన ముసిముసిగా నవ్వి, అట్టపెట్టె లాక్కుని పర్రుమని చించాడు. ఆ అట్ట మీదే నెమలి కాగితం అంటించి మగ్గానికి పంపించాడు.