చదివి ఇచ్చిన అక్షరాలు

నా చిన్నప్పుడు ప్రత్తిపాడులో మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఉండేది కాదు, కంప దడి ఒకటి ఉండేది. దడి అవతల వడ్రంగం చేసే సాయిబుల ఇల్లు. ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని, ఆయన భార్యను పిన్ని అనేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు. బడి వదలగానే పలకా పుస్తకమూ మా అరుగు మీద పడేసి వాళ్ళ పంచలో చేరేదాన్ని.

బాబాయి నాగళ్ళూ బండి చక్రాలూ చేసేవాడు. ఒకసారి పత్తి మిల్లులో తలుపులు బిగించడానికి వెళ్ళి, అక్కడి పాత ఇంజను మీద పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలు చూసి వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా వాటి మీద మనసు పడింది. నిలువు గీత లావు, అడ్డగీత సన్నం, ప్రతి అక్షరానికీ అడుగున చదునైన పాదాలు. "నేల మీద కాళ్ళు ఆనించి నిలబడ్డాయమ్మాయ్. ఎంత దూరం నుంచి చూసినా కదలవు. మనవి గుండ్రంగా ఉంటాయి కదా, వాటిని ఎట్లా నిలబెట్టాలా అని చూస్తున్నా" అన్నాడు.

అప్పట్లో గుంటూరులో ఒక ప్రెస్సు యజమాని నాటకాలకూ సినిమాలకూ గోడ పోస్టర్లు అచ్చువేసేవాడు. అంత పెద్ద అక్షరాలు సీసంతో పోస్తే మొయ్యలేరు, అందుకని చెక్కవి వాడేవారు. అలాంటి లావు అక్షరాలు తెలుగులో చెక్కి తెస్తే తీసుకుంటానని ఆయన నోటిమాటగా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బాబాయి నాగళ్ళ పని పక్కన పెట్టేశాడు. ఆయనకు కావలసిందల్లా తను చెక్కిన అక్షరాలను ఒక్కసారి గోడ మీద చూసుకోవడమే.

మొదట 'క'కు పాదాలు పెట్టి చూశాడు. అది కుంపటిలా ఉందని పిన్ని పడీపడీ నవ్వింది. చాలా చెక్క పాడుచేశాక గానీ ఆయనకు తెలియలేదు, మన అక్షరానికి బరువు పెట్టాల్సింది కాళ్ళలో కాదు, తలకట్టులో అని. తలకట్టును వెడల్పు చేసి చివర మొన తేల్చాడు. పొట్ట లావు చేసి, గీత తిరిగే చోట సన్నగా పోనిచ్చాడు. అప్పుడు నిలబడింది. ఆ సాయంత్రం దాన్ని గూట్లో పెట్టి ముగ్గురం దూరంగా కూర్చుని చూశాం.

అచ్చుకు పనికిరావాలంటే అక్షరాన్ని అద్దంలో కనిపించేలా తిప్పి చెక్కాలి. పైగా వత్తులు వేరే, గుణింతాల గుర్తులు వేరే. ఒక పత్తి పంట వచ్చి పోయింది, ఆయన చెక్కుతూనే ఉన్నాడు. పక్కన కూర్చుని నేను తిరగబడిన అక్షరాలు చదవడం నేర్చుకున్నాను. బళ్ళో నేర్పినవాటికంటే అవే నాకు సులువుగా ఉండేవి.

అన్నీ పూర్తయ్యాక పెట్టెలో సర్ది బస్సు మీద వేసుకుని గుంటూరు వెళ్ళాడు. పొద్దుగూకేసరికి ఆ పెట్టెతోనే తిరిగి వచ్చాడు. మా అమ్మ ఏమైందని అడిగితే "సిరా కూడా పుయ్యలేదు వదినగారూ" అన్నాడు. పోస్టర్లు ఇప్పుడు మద్రాసు నుంచి రంగురంగుల బొమ్మలతో అచ్చయి వస్తున్నాయట. జనం బొమ్మ చూస్తారు గానీ అక్షరం ఎవడు చదువుతాడయ్యా అన్నాడట ఆ పెద్దమనిషి. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. ఒక్కసారి సిరా పూసి ఒక్క కాగితం తీసి ఇస్తే ఆయన సొమ్మేం పోయేది?

ఆ కార్తీకంలో ముసురు పట్టింది, తెరిపి లేదు. మా వైపు వంటచెరుకంటే పత్తి కట్టె, మిరప కట్టె. అవి కాస్తా ఇంటింటా నాని ముద్దయ్యాయి. బాబాయి పంచలోని దుంగలూ చెక్కపేళ్ళూ కూడా జల్లుకు తడిసిపోయాయి. అదే సమయానికి పిన్నికి చలిజ్వరం వచ్చింది. దుప్పట్లు ఎన్ని కప్పినా పళ్ళు కొట్టుకుంటున్నాయి, కాళ్ళు చల్లబడిపోతున్నాయి. కాపడం పెడదామన్నా, కాస్త గంజి కాద్దామన్నా పొయ్యి అంటుకోదు. మా అమ్మ కిరసనాయిలు పోసి చూసింది, పొగ తప్ప మంట రాలేదు. ఆ ఇంట్లో పొడిగా ఉన్న కర్ర ఇంకెక్కడా లేదు, ఆ పెట్టెలో తప్ప.

బాబాయి పెట్టెను పొయ్యి దగ్గరికి లాక్కొచ్చి మూత తీశాడు. తీశాడే గానీ లోపల చెయ్యి పెట్టలేకపోయాడు. "నువ్వు అందివ్వమ్మా" అన్నాడు నాతో. నేను ఒకటి తీసి ఇవ్వబోయాను.

"అట్లా కాదు. ఏ అక్షరమో చదివి ఇవ్వు. ఎవరూ చదవకుండా పోకూడదు" అన్నాడు.

'అ' అన్నాను, పొయ్యిలో పెట్టాడు. 'మ' అన్నాను, పెట్టాడు. బాగా ఆరిన టేకు, ఇట్టే అంటుకుంది. 'శ్రీ' చేతికి వచ్చేసరికి చదవకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. దాన్ని చెక్కడానికి ఆయన పడ్డ తిప్పలు నేను కళ్ళారా చూశాను. "చదువమ్మా" అన్నాడు. చదివాను. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ పిన్ని కాళ్ళకు కాపడం పెడుతూనే ఉంది. పెట్టె ఖాళీ అయింది.

పిన్ని బతికింది. లేచి తిరిగే ఓపిక వచ్చాక ఖాళీ పెట్టె చూసి, "నన్ను పోనిచ్చినా బాగుండేది కదయ్యా" అని గోడకు తల ఆనించి ఏడ్చింది. ఆయన మళ్ళీ నాగళ్ళు చేశాడు గానీ అక్షరాల జోలికి పోలేదు. బజారులో నడిచినా బోర్డుల వైపు తల ఎత్తేవాడు కాదు. మనిషి ఉన్నాడన్న మాటే గానీ లోపల ఏమీ మిగల్లేదని మా అమ్మ అనేది. ఆయన పోయాక ఆ తలకట్టు ఎలా ఉండేదో చూపించడానికి ఒక్క కాగితం ముక్క కూడా లేదు. నేను గీద్దామంటే నా చేతికి రాదు.

ఇప్పుడు నేను బస్సెక్కితే దారిలో కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదువుతాను. టీ కొట్టుదైనా, చినిగి వేలాడే పోస్టరైనా సరే. మనవరాలు మోచేత్తో పొడిచి "అమ్మమ్మా, అందరూ చూస్తున్నారు" అంటుంది. చూడనీ. చదివినంత మాత్రాన పోయినవి తిరిగి రావని నాకు తెలుసు, ఆయన బాధ తీరదనీ తెలుసు. అయినా నోరు ఊరుకోదు. కళ్ళబడ్డ ప్రతి అక్షరమూ నా చేతిలోంచి పొయ్యిలోకి పోతున్నట్టే ఉంటుంది. చదివి ఇవ్వాలి కదా.